ఫ్రీజర్‌లో దాచిన పరువు

తన మొహం తనకే అలా ఎదురొస్తుందని నడీన్ కలలో కూడా అనుకోలేదు!

పాలకోసం, నాలుగు ఉప్పు బిస్కెట్ల కోసం పెట్రోలు బంకు కొట్టుకి వచ్చిందామె. మూడో కీమో తర్వాత కడుపులో నిలుస్తున్నవి ఆ రెండే. వరసలో ఆమె ముందున్నవాడెవరో పొరుగూరి లారీ డ్రైవరు. కాఫీకి డబ్బులిచ్చి, మిగిలిన చిల్లర కౌంటరు మీదున్న పెద్ద ఊరగాయ సీసాలో గలగలా పోశాడు. ఎర్రమూతకి కత్తితో కోసిన సందు, సీసాకి టేపుతో అతికించిన ఫోటో. ఆ ఫోటోలో నడీన్! రెండేళ్ళ కిందట చర్చి వాళ్ళ వనభోజనంలో, భుజాల మీద జుట్టు ఎగురుతుంటే, మొక్కజొన్న పొత్తు పట్టుకుని పగలబడి నవ్వుతున్న నడీన్! కింద నీలం సిరాతో, "మన నడీన్ కట్లిప్‌కి క్యాన్సర్. మీకు తోచినంత వెయ్యండి" అని రాసుంది. "పాపం, ఎంత కళగల మనిషో..." అని ఆ డ్రైవరు నిట్టూర్చి, వెనక్కి తిరిగి, తలకి గుడ్డ చుట్టుకున్న ఈ మనిషిని చూసి చప్పున చూపు తిప్పేసుకుని, తలుపు తీసి పట్టుకున్నాడు. అతనికి తెలియలేదు... సీసా మీది మనిషే తన ముందు నిలబడిందని అతనికి తెలియనే లేదు!

కౌంటర్లో ఉన్న మిస్టీ మొహం పాలిపోయింది. "నడీన్ అక్కా... పాలకి డబ్బులొద్దులే."

అంతే, నెత్తి మీద నిప్పులు పోసినట్టయింది ఆమెకి. "ఎందుకొద్దు? ఇందులోంచి తీసుకుంటావా? ఏం, నేను అడిగానా నిన్ను?"

"అది కాదక్కా..."

"ఎవరు పెట్టారిది?"

"మీ అత్తగారే. రెండు వారాలైంది. నీకు తెలుసనుకున్నా..."

అడిగిందే గానీ, అప్పటికే తెలుసు నడీన్‌కి. ఆ నీలం సిరా, ఆ వంకర అక్షరాలు పాతికేళ్ళుగా పుట్టినరోజు కార్డుల మీద చూస్తూనే ఉంది. అయిదు డాలర్ల నోటు బల్ల మీద పడేసి, చిల్లర తీసుకోకుండా బయటికి నడిచింది. రెండు వారాలు! అంటే బడి వంటింట్లో ఆమెతో పాటు పదిహేనేళ్ళు రొట్టెలు కాల్చినవాళ్ళు, చర్చిలో పక్క వరసలో కూర్చునేవాళ్ళు, ఈ కొండల మధ్య లోయలో ఉన్న ప్రతి మనిషీ చిల్లర వేసి, జాలిపడి, ఇంటికెళ్ళి భోంచేశారు. తెలియనిదల్లా ఇద్దరికే. ఒకరు తను. రెండోది, తను లారీ తోలే కంపెనీ బంకులో తప్ప నూనె పోయించని తన మొగుడు వెండెల్.

అత్తగారు ఓపల్ ఉండేది వీళ్ళ పెరటి వెనకే, రెండు గదుల ఇంట్లో. నడీన్ వెళ్ళేసరికి ఒళ్ళో గిన్నె పెట్టుకుని చిక్కుడుకాయలు తుంచుతోంది. పెళ్ళైన రోజు నుంచీ ఆమెని అమ్మా అనే పిలిచింది నడీన్.

"నన్ను సీసాలో పెట్టి అమ్ముతున్నావా అమ్మా?"

ఓపల్ తలెత్తలేదు. కాయ పుటుక్కున తుంచింది. "చూశావా?"

"చూశానా? నా ఫోటో చూసి పాపం అన్నవాడు నన్ను చూసి పక్కకి తప్పుకున్నాడు! నేనింకా చావలేదు. నాకు చెప్పాలని కూడా అనిపించలేదా? బడికెలా వెళ్ళను? చర్చిలో ఎవరి మొహం చూడను?"

"తిట్టు తల్లీ, ఇంకా తిట్టు. పడతాను. కానీ ఆసుపత్రి వాళ్ళు నలభై ఒక్క వేలు కట్టమంటుంటే, నీ మొగుడు సంతకం పెట్టనని మొండికేస్తుంటే, డెబ్భై తొమ్మిదేళ్ళ ముసలిదాన్ని... నాకు చేతనైంది ఒక ఊరగాయ సీసా కడిగి పెట్టడం."

"ఏ సంతకం?"

ఓపల్ చేతిలో కాయ అలాగే ఆగిపోయింది. కోడలి మొహం చూసింది. "అయ్యో దేవుడా... నీకు చూపించనే లేదా వాడు?"

పెరట్లో రేకుల కొట్టు, అందులో డీప్ ఫ్రీజరు. ఏడాదికి సరిపడా జింక మాంసం తెల్లకాగితాల్లో చుట్టి పేర్చుకునే పెట్టె అది. కిందటి నెల కీళ్ళ నొప్పితో వంగి, అడుగునున్న పొట్లం ఒకటి లాగబోతే ఓపల్ చేతికి రొట్టెల ప్లాస్టిక్ సంచి తగిలిందట. కొడుకుని నిలదీస్తే, సంతకం మాత్రం పెట్టనన్నాడట గానీ, నడీన్‌కి చూపిస్తానని మాటిచ్చి మళ్ళీ అక్కడే దాచాడట. ఆమె దాన్ని మళ్ళీ పైకి తీసి కోడలి చేతిలో పెట్టింది. అందులో పదకొండు కవర్లు! మంచు పట్టి, అట్టముక్కల్లా గట్టిపడి! వేళ్ళు కొంకర్లు పోతున్నా నడీన్ అన్నీ విప్పి చూసింది. బిల్లులు సరే. కానీ మూడు కవర్లలో ఒకటే ఫారం. "రోగులకు ఆర్థిక సహాయం కొరకు దరఖాస్తు." మూడో దాని మీద ఎర్రగా గుద్దిన ముద్ర: చివరి గడువు ఈ శుక్రవారం సాయంత్రం అయిదు. ఈవేళ బుధవారం.

అక్కడే, ఆ కొట్లో నిలబడే ఆసుపత్రి బిల్లుల ఆఫీసుకి ఫోన్ కలిపింది. ఎడిత్ అనే ఆవిడ ఎత్తింది, పాపం నెమ్మదస్తురాలు.

"మీ ఇద్దరి జీతం ఇంతేనా అమ్మా? అయితే మొత్తం మాఫీ అవుతుంది. కీమో బిల్లు నలభై ఒక్క వేలూను. మూడుసార్లు పంపించాం కదా ఫారం? ఇద్దరి సంతకాలూ, పన్ను కాగితాలూ, జీతం చీటీలూ తెచ్చేస్తే చాలు."

"మరి... ఆపరేషన్ బిల్లు?"

కాగితాలు తిప్పుతున్న చప్పుడు. "అది కట్టేశారు. పంతొమ్మిది వేలు, నాలుగు క్రెడిట్ కార్డుల మీద. దానికీ ఫారం పంపాం అప్పట్లో. ఆ గడువు దాటిపోయింది. మాకు బాకీ ఉంటే మేం కొట్టేయగలం గానీ... ఇప్పుడది కార్డు కంపెనీల బాకీ అమ్మా. వాళ్ళు వదలరు."

నడీన్ ఫోన్ పెట్టేసి ఫ్రీజర్ మూత మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది. ఏడుపు రాలేదు. ఏడవనివ్వనంతగా ఒళ్ళు మండిపోతోంది! ఊరికే పోయే బాకీని, వడ్డీకి తెచ్చి మరీ కట్టి, ఎప్పటికీ పోని బాకీగా మార్చుకున్న ఘనుడు ఎవరయ్యా అంటే, ఆమె కట్టుకున్నవాడు! మింగ మెతుకు లేదు గానీ మీసాలకి సంపెంగ నూనె! మా కొండల్లో మగవాళ్ళంతా ఇంతే. ఇల్లు తగలబడుతుంటే పక్కింటివాణ్ణి బిందె అడగడానికి సిగ్గుపడి, దోసిళ్ళతో నీళ్ళు పోస్తారు.

నాలుగున్నరకి వెండెల్ వచ్చాడు. కంకర లారీ దుమ్ము కనుబొమల మీద కూడా ఉంది. చేతులు కడుక్కుని వచ్చి కుర్చీ లాగితే, బల్ల మీద పళ్ళేలు లేవు. పళ్ళేలుండాల్సిన చోట పదకొండు కవర్లు, తడిసి, మెత్తబడి.

"ఏమిటివి?" అన్నాడు, తెలిసి కూడా.

"నీ పరువు. ఫ్రీజర్లో దాచుకున్నావు కదా, పాడవకుండా. కరిగించి పెట్టాను, తిను."

"నడీన్, నేను కట్టేస్తున్నాను కదా... ఒక్కొక్కటే..."

"కార్డు మీద! ఏడాదికి వందకి ఇరవై నాలుగు వడ్డీకి! ఊరికే కొట్టేస్తామని వాళ్ళు కాళ్ళావేళ్ళా పడి మూడు ఉత్తరాలు రాస్తే, నువ్వు వాటిని జింక మాంసం కింద పాతిపెడతావా? నేను అడిగిన ప్రతిసారీ 'ఇన్సూరెన్స్ వాళ్ళు చూసుకుంటున్నారు' అన్నావే! నా మొహం చూసి అన్నావే!"

వెండెల్ దవడ బిగుసుకుంది. "ఆ ఫారం చదివావా? ఇంట్లో ఎంతమంది, ఎంత తింటారు, బ్యాంకులో ఎంతుంది, బండి ఎవరి పేర ఉంది... గుడ్డలు విప్పి నిలబెడతారు. అడుక్కోవడం మన ఇంటా వంటా లేదు. కట్లిప్‌లు ఎవరి ముందూ చెయ్యి చాచరు. మా నాన్న..."

"ఆపు! మళ్ళీ ఆ చొక్కా కథేనా!"

ఆ చొక్కా కథ లోయలో అందరికీ తెలుసు. వెండెల్‌కి తొమ్మిదేళ్ళప్పుడు గనిలో వాళ్ళ నాన్న నడుం విరిగి మంచాన పడ్డాడు. ఆ క్రిస్మస్‌కి చర్చి వాళ్ళు ఒక పెట్టె తెచ్చి గుమ్మంలో పెట్టారు. పంది తొడ మాంసం, డబ్బా పీచ్ పళ్ళు, ఒక ఎర్రగళ్ళ చొక్కా. సెలవుల తర్వాత ఆ చొక్కా తొడుక్కుని బడికెళ్తే, తోటి పిల్లవాడొకడు క్లాసు మధ్యలో లేచి, "అది నాది! జేబు దగ్గర సిరా మరక చూడండి!" అని అరిచాడు. క్లాసంతా నవ్వింది. వెండెల్ ఇంటికొచ్చి చెప్తే, వాళ్ళ నాన్న మంచం మీంచి పాకుతూ లేచి ఆ చొక్కాని పొయ్యిలో పడేశాడు. ఆ మంట ఈనాటికీ ఈ మనిషి కడుపులో ఆరలేదు. దాన్ని చూసి ఇన్నేళ్ళూ జాలిపడుతూ వచ్చింది నడీన్. ఇక ఆమెకి ఓపిక లేదు.

"నువ్వు ఆ చొక్కా తొడుక్కుని నలభై ఏళ్ళయింది. నేను మాత్రం ఇప్పుడు చస్తున్నాను వెండెల్!"

"ఛ, అదేం మాట! మందులు పడుతున్నాయిగా. రేపు నాలుగోది..."

"రేపు లేదు."

"లేదంటే?"

"సోమవారం ఫోన్ చేసి వద్దని చెప్పేశాను."

నడీన్ లేచి నిలబడింది. గుడ్డ జారి బోడితల బయటపడింది. సర్దుకోలేదు. "నువ్వు ఆదివారాలు కూడా లారీ తోలుతున్నావు. అన్నం మానేసి అరటిపండు తింటున్నావు. వంటింటి గోడకి ఆనుకుని ఎవరికో ఫోన్లో 'వచ్చే నెల, వచ్చే నెల' అని బతిమాలుతుంటే విన్నాను. ఇల్లు పోతుందనుకున్నాను. నేను పోతే ఇల్లయినా మిగులుతుందని లెక్కేశాను! ఒంటరిగా, ఈ కుర్చీలోనే కూర్చుని, నా చావు ఖరీదు నేనే లెక్కేసుకున్నాను... ఎందుకు? మాఫీ అయ్యే బాకీ కోసం! రెండు సంతకాలతో పోయే బాకీ కోసం! నీ సిరా మరక కోసం నన్ను చంపబోయావు కదయ్యా!"

వెండెల్ ఆమె వైపు రెండడుగులు వేశాడు.

అప్పుడే వంటింటి గుమ్మంలోంచి గొంతు వినపడింది. "ఆ పెట్టె తెప్పించింది నేనేరా."

ఓపల్! చిక్కుడుకాయల గిన్నె చంకలో పెట్టుకుని ఎంతసేపటి నుంచి నిలబడిందో. "అమ్మా, నువ్వు ఊరుకో" అన్నాడు వెండెల్.

"నలభై ఏళ్ళు ఊరుకున్నాను. అందుకే ఇంతదాకా వచ్చింది. చర్చి వాళ్ళు వాళ్ళంతట వాళ్ళు వచ్చి మనల్ని అవమానించారని కదా నీ బాధ? వాళ్ళు రాలేదు. నేను వెళ్ళాను. మంచులో నాలుగు మైళ్ళు నడిచి, పాదిరిగారి ఇంటి వెనక తలుపు కొట్టి, 'నా కొడుకు రెండు రోజులుగా ఉడికించిన బంగాళాదుంప తొక్కలు తింటున్నాడయ్యా, ఏమైనా ఉంటే పెట్టండి' అని అడిగాను. ఈ నోటితో అడిగాను. నువ్వు బతికావు."

"నాన్న..."

"మీ నాన్నకి తెలుసు. చొక్కా పొయ్యిలో వేశాడు, నిజమే. ఆ మాంసం మాత్రం రెండుసార్లు అడిగి పెట్టించుకున్నాడు!" ముసలామె చంకలో గిన్నె తీసి బల్ల మీద పెట్టింది. "మగవాళ్ళు మీరు చొక్కాలు కాలుస్తారు, చూసేవాళ్ళకి బాగుంటుంది. తిండి తెచ్చేది మాత్రం వెనక తలుపు దగ్గర నిలబడ్డ ఆడది. ఆయన పోయే రోజు నీకు చెప్తానన్నాను, వద్దని చెయ్యి పట్టుకున్నాడు. చెప్పకపోవడం నాదే తప్పు. పరువు అనుకుని నీకు నేర్పింది అబద్ధంరా నాయనా... అదిప్పుడు ఈ పిల్ల ప్రాణం మీదికొచ్చింది. బంకులో సీసా పెట్టింది కూడా నేనే. నువ్వు అడగవు, అది అడగదు. మళ్ళీ నేనే వెళ్ళాను."

వెండెల్ కుర్చీలో కూలబడ్డాడు. దుమ్ము పట్టిన మొహం మీద రెండు చారలు దిగాయి. చెయ్యి చాచి పెళ్ళాం చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె వెనక్కి లాక్కుంది. కథల్లోలాగా కరిగిపోతుందనుకుంటున్నారేమో! ఆమె కరగలేదు.

"ఏడుపు తర్వాత. ముందు ఫోన్ తియ్యి. కీమో వార్డుకి చెయ్యి. రేపటి మందు మళ్ళీ కావాలని అడుగు."

"నేనా?"

"నువ్వే. ఆ మాట నీ నోట్లోంచే రావాలి. అడుగు."

అతను ఫోన్ తీశాడు. నంబరు రెండుసార్లు తప్పు నొక్కాడు. అవతల ఎవరో పలికారు. "అమ్మా... నా పేరు వెండెల్ కట్లిప్. నా భార్య... రేపటిది వద్దంది... అది మావల్ల... నావల్ల జరిగిన పొరపాటు. దయచేసి ఆమెకి మళ్ళీ చోటివ్వండి. దయచేసి." నలభై ఎనిమిదేళ్ళ మనిషి జీవితంలో మొదటిసారి ఒకే ఊపిరిలో రెండుసార్లు దయచేసి అన్నాడు. రేపటి చోటు వేరేవాళ్ళకి ఇచ్చేశారట. శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి రమ్మన్నారు. అంటే మందు ఎక్కడం ఒంటిగంటకి అయిపోతే, అదే రోజు అయిదులోపు ఫారం ఇవ్వచ్చు. నడీన్ కలం తీసి బల్ల మీద అతని ముందుకి తోసింది.

శుక్రవారం పొద్దున్నే బయల్దేరారు. పెట్రోలు బంకు రాగానే వెండెల్ బండి ఆపి, ఇంజను ఆపకుండా లోపలికి వెళ్ళాడు. అద్దంలోంచి నడీన్ చూస్తూనే ఉంది. పగలగొడతాడనుకుంది. ఆ కోపం తనకి తెలుసు. కానీ అతను టోపీ తీసి, సీసాని రెండు చేతుల్తో పట్టుకుని, వరసలో ఉన్న నలుగురి వైపూ తిరిగి ఏదో అన్నాడు. వాళ్ళు తలలూపారు. ఒకాయన అతని భుజం తట్టాడు. అతను సీసా తెచ్చి నడీన్ ఒళ్ళో పెట్టాడు.

"ఏమన్నావు వాళ్ళతో?"

"ఇది మాదేనని చెప్పాను. థాంక్స్ చెప్పాను."

"చెప్తే చచ్చిపోయావా?"

"లేదు," అన్నాడు బండి కదిలిస్తూ.

మూడింటికి బిల్లుల ఆఫీసు కిటికీ ముందు నిలబడ్డారు. మందు ఎక్కిన నీరసంతో నడీన్ కుర్చీలో వాలిపోయింది. ఎడిత్ కాగితాలు ఒక్కొక్కటే చూస్తూ, ఇంట్లో ఎంతమంది, నెల జీతం ఎంత, బ్యాంకులో ఎంతుంది అని అడిగింది. వెనక వరసలో ఆరుగురున్నారు. వెండెల్ చెవులు కందిపోయాయి. అయినా ప్రతిదానికీ పైకే చెప్పాడు. బ్యాంకులో రెండు వందల పన్నెండు డాలర్లు. సీసాలో మూడు వందల నలభై, అది కూడా రాసుకోండి అన్నాడు. ఎడిత్ తలెత్తి ఒకసారి చూసి, "అది రాయక్కర్లేదు నాయనా" అంది. చివర మూడు గీతలు ఖాళీగా ఉన్నాయి, మీ పరిస్థితి వివరించండి అని. వెండెల్ కలం పట్టుకుని అక్కడ చాలాసేపు ఆగాడు. ఆఖరికి ఒక్క గీత మీదే రాశాడు.

"నా భార్య బతకాలి. అందుకని అడుగుతున్నాను."

మూడు వారాలకి కవరొచ్చింది. ఈసారి అది ఫ్రీజర్లోకి పోలేదు. వెండెల్ దాన్ని విప్పకుండా తెచ్చి నడీన్ చేతిలో పెట్టాడు. నలభై ఒక్క వేలూ మాఫీ! ఓపల్ ఏప్రాన్‌తో కళ్ళొత్తుకుని, కడిగిన ఊరగాయ సీసాలో చిక్కుడు కాయలు నింపుకోవడానికి ఇంటికి పోయింది. వెండెల్ మాత్రం కదల్లేదు. నాలుగు కార్డుల బిల్లులు తెచ్చి తనే బల్ల మీద పరిచాడు.

"ఇవి మాత్రం నా తెలివితక్కువతనం నడీన్. లెక్క కట్టించాను. నెలనెలా కడితే పదకొండేళ్ళు పడుతుందట. నువ్వు నన్ను క్షమించక్కర్లేదు..."

"క్షమిస్తానని ఎవరన్నారు?" నడీన్ కళ్ళద్దాలు సర్దుకుని ఆ బిల్లులు ఒక్కొక్కటే చదివింది. తల మీద నూగులాంటి జుట్టు అప్పుడప్పుడే మొలుస్తోంది. ఆమె కోపం తగ్గలేదు. తగ్గాలని కూడా ఆమె అనుకోలేదు. ఇన్ని నెలల తర్వాత ఒంట్లో వెచ్చగా తగిలింది అదొక్కటే. "పదకొండేళ్ళా? సరే. ఆఖరి బిల్లు కట్టే రోజుదాకా, ప్రతి నెలా ఒకటో తారీఖున, ఈ బల్ల దగ్గర కూర్చోబెట్టి నిన్ను తిట్టకపోతే నా పేరు నడీన్ కాదు. నేను లేకపోతే నిన్ను తిట్టేవాళ్ళెవరు? అందుకోసమైనా పదకొండేళ్ళు బతుకుతాను. విన్నావా?"

"విన్నాను," అన్నాడు వెండెల్. "తిట్టు... పదకొండేళ్ళూ తిట్టు."

ఆవేళ ఒకటో తారీఖు కాదు. అయినా ఆమె అప్పుడే మొదలుపెట్టింది.